అనంత శాతం

లెంక సన్యాసిరావు ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందుగా ఒక మాట అనేస్తాడు. "ఇందులో బుద్ధిలేనివాడు ఎవడా అని వెతుక్కుంటూ శ్రమపడకండి. అది నేనే."

అతను ఇరవై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి, జిల్లా విద్యాశాఖ కార్యాలయానికి డిప్యుటేషన్ మీద వచ్చాడు. అక్కడ గుండ్రంగా తిరిగే కుర్చీ ఇచ్చారు. అలాంటి కుర్చీలో కూర్చున్నవాడికి ముందు కుర్చీ తిరుగుతుంది, నెల్లాళ్లకి తల తిరుగుతుంది. సన్యాసిరావుకి నెల కూడా పట్టలేదు.

సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి ఉత్తర్వు దిగింది. ప్రత్యేక అవసరాలు గల పిల్లల చదువు ఎదుగుతోందో లేదో ఇకమీదట కొలవాలి. ఆరు నెలలకోసారి ప్రారంభ పరీక్ష, ముగింపు పరీక్ష పెట్టాలి. ఏ కేంద్రంలోనైనా ఎదుగుదల పన్నెండు శాతానికి తగ్గితే ఆ కేంద్రాన్ని ఎత్తేసి జిల్లా కేంద్రంలో ఉన్న పెద్ద కేంద్రంలో కలిపెయ్యాలి. పన్నెండే ఎందుకని ఎవరూ అడగలేదు. పదైతే తక్కువగానూ, పదిహేనైతే ఎక్కువగానూ ఉంటుందని అందరికీ తోచింది.

జిల్లా విద్యాధికారి పట్టాభిరామయ్య గారు సన్యాసిరావుని పిలిపించారు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో తెలియదు గాని, ఆఫీసులో మాత్రం ఫైలు మాట్లాడినట్టు మాట్లాడతారు.

"చూడండి సన్యాసిరావు గారూ, కొలవబడనిది ఉన్నట్టుగా పరిగణించబడదు. కావున సదరు ఎదుగుదలను కొలుచు విధానమొకటి తమరు రూపొందించవలసి ఉన్నది. తమరు లెక్కల వారు."

"రేపటికల్లా ఇస్తాను సార్," అన్నాడు సన్యాసిరావు. ఎల్లుండి అని ఉంటే ఆలోచించడానికి ఒక రోజు దొరికేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

మర్నాటికి సూత్రం తయారైంది. చివరి మార్కుల్లోంచి మొదటి మార్కులు తీసెయ్యి, మిగిలినదాన్ని మొదటి మార్కులతో భాగించు, నూటితో హెచ్చవెయ్యి. ఏడో తరగతి పిల్లవాడు చేసే లెక్కే. దానికి అతను 'లెంక సూచీ' అని పేరు పెట్టుకున్నాడు. ముప్పై మార్కులకు ప్రశ్నపత్రం కూడా తనే రాశాడు. బొమ్మలు చూసి జవాబు రాయడం, టీచరు చెప్పింది విని రాయడం, చివర్న చేతిరాతకి నాలుగు మార్కులు. చూపు లేని పిల్లలకీ, వినపడని పిల్లలకీ, చెయ్యి కదపలేని పిల్లలకీ అదే పేపరు. ఒక్కొక్కరికి ఒక్కో పేపరిస్తే సమానత్వం దెబ్బతింటుందని కింద గమనిక కూడా రాశాడు.

జులైలో బూరాడపేట కేంద్రం టీచరు హైమావతి ఆఫీసుకొచ్చింది. బూరాడపేట జీడిపప్పు బట్టీల ఊరు. అక్కడ రెండు గదుల కేంద్రంలో పదకొండు మంది పిల్లలకి ఆమె ఒక్కతే టీచరు.

"సార్, మా పైడితల్లికి సున్నా వచ్చిందండి."

"వస్తే వచ్చింది. ప్రారంభ పరీక్షే కదా."

"ఆ పిల్లకి అన్నీ తెలుసండి. పుట్టినప్పుడు మెదడుకి గాలి అందలేదు. అంచేత కాళ్లూ చేతులూ దాని మాట వినవు, నోరు పలకదు. కళ్లొక్కటే దాని చెప్పుచేతల్లో ఉంటాయి. జవాబు చూపులతో చెప్తాదండి. మీరొక్కసారి వచ్చి చూస్తే..."

సన్యాసిరావు కుర్చీలో పావు చుట్టు తిరిగాడు. "టీచరమ్మా, ఈ పట్టికలో చూపులకి గడి లేదు."

ఎంత చక్కటి మాట అనేశానో అని ఆ వారమంతా మురిసిపోయాడు. భోజనాల దగ్గర భార్యకీ చెప్పాడు. ఆవిడ పప్పు వడ్డించి, "పోనీ గడి గీసుకోలేకపోయారా, మీ పట్టికే కదా," అంది. ఆవిడకి పరిపాలన తెలియదని సరిపెట్టుకున్నాడు.

సెప్టెంబరులో ముగింపు పరీక్ష జరిగింది. 'బొమ్మలో చందమామలు ఎన్ని?' అన్న ప్రశ్న దగ్గర హైమావతి పైడితల్లి పిడికిట్లో రంగు పెన్సిలు పెట్టి గుడ్డతో కట్టింది. ఆ పిల్ల చెమటలు కక్కుతూ పావుగంట పెనుగులాడి నిలువుగా ఒక గీత గీసింది. నిలువు గీత అంటే ఒకటి. చందమామ ఒకటే. ముప్పైకి ఒక మార్కు పడింది.

ఆ మార్కు ఆఫీసులో కంప్యూటర్‌కి ఎక్కింది. కంప్యూటర్ ఆ లెక్క చెయ్యనని మొండికేసింది. ఒకట్లోంచి సున్నా తీసెయ్యగలను గాని, వచ్చినదాన్ని సున్నాతో భాగించడం నా వల్ల కాదని ఎర్ర అక్షరాల్లో చూపించింది. సన్యాసిరావు ఆపరేటర్ని లేపి తను కూర్చుని, ఎక్కడ సున్నాతో భాగించాల్సి వచ్చినా అనంతం గుర్తు వెయ్యమని దానికి నేర్పాడు. అతనిలోని లెక్కల మాస్టారు లోపల ఏదో గొణిగాడు. కొత్త అధికారి వాడి నోరు మూశాడు.

పదిహేను రోజుల తర్వాత రాజధాని నుంచి కమిషనర్ గారు వీడియోలో అన్ని జిల్లాలతో సమావేశం పెట్టారు.

"ఈ జిల్లాలో ఒక పేరుకి ఎదురుగా పడుకున్న ఎనిమిది ఉంది. ఏమిటది?"

పట్టాభిరామయ్య గారు సన్యాసిరావుకేసి చూశారు. సన్యాసిరావు లేచి నిలబడ్డాడు. "అది అనంతం సార్."

"ఎంత శాతం?"

"హద్దు లేదు సార్."

"నూటి కంటే ఎక్కువా?"

"ఎక్కువే సార్."

"వెరీ గుడ్. మరి జిల్లా సగటు?"

"ఒక్క అనంతం ఉన్నా సగటు కూడా అనంతమే అవుతుంది సార్."

కమిషనర్ గారు తెర మీద ఆ మాట కాగితం మీద రాసుకున్నారు. తర్వాత చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారు కాబట్టి మిగతా జిల్లాల వాళ్లూ కొట్టారు. ఆ సాయంత్రం పట్టాభిరామయ్య గారు సన్యాసిరావుకి శాలువా కప్పారు. పైడితల్లికి మాత్రం ఎవరూ ఏమీ కప్పలేదు. ఆ సంగతి అప్పుడు అతనికి తట్టనే లేదు.

చప్పట్లు కొట్టిన జిల్లాలు ఊరికే కూర్చోలేదు. అనంతం రావాలంటే కావలసింది మొదట ఒక సున్నా, తర్వాత ఒక మార్కు అని వారం తిరక్కుండానే కనిపెట్టేశాయి. దాంతో సున్నాలకి గిరాకీ పుట్టింది. ప్రతి కేంద్రం నుంచీ కనీసం ముగ్గురు 'అనంత విద్యార్థులు' ఉండాలని సర్క్యులర్ వచ్చింది. ప్రారంభ పరీక్షలో ఏ పిల్లకీ పొరపాటున కూడా మార్కు పడకుండా చూసే పద్ధతుల మీద టీచర్లకు రెండు రోజుల శిక్షణ ఏర్పాటైంది. 'శూన్య స్థాయి సాధన' అని పద్నాలుగు పేజీల చిన్న పుస్తకం వెలువడింది. రాసినవాడు సన్యాసిరావే.

ఫోన్లు మొదలయ్యాయి.

"సార్, మా దగ్గర చూపులేని కుర్రాడొకడు బ్రెయిలీలో గడగడా చదివేస్తున్నాడండి. పందొమ్మిదో ఇరవయ్యో వచ్చేస్తాయని భయంగా ఉంది," అని ఒక హెడ్మాస్టరు వాపోయాడు.

"బ్రెయిలీ ఇవ్వకండి. బొమ్మల పేపరే ఇవ్వండి."

"అంటే మనం ఎప్పుడూ ఇచ్చేదే ఇమ్మంటారు."

"అంతే."

"హమ్మయ్య! కొత్తగా ఏమన్నా చెయ్యాలేమోనని హడలిపోయాను సార్."

ఫోను పెట్టేశాక సన్యాసిరావు తన చిన్న పుస్తకాన్ని సొరుగులోకి తోసేశాడు.

నవంబరులో రెండో విడత ప్రారంభ పరీక్ష దగ్గరపడింది. పట్టాభిరామయ్య గారు ఆదేశాలు చెబుతూంటే సన్యాసిరావు రాసుకుంటున్నాడు.

"గత విడతలో సాధించబడిన అనంతము ఎట్టి పరిస్థితులలోనూ తగ్గరాదు. వీలైనచో పది శాతం పెంచవలెను."

"అనంతానికి పది శాతం కలిపినా అనంతమే అవుతుంది సార్."

"అయితే పెంచుటలో ఇబ్బందేమీ లేదన్నమాట. రాయండి." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇకపోతే, బూరాడపేట బాలిక. ఆమెకు ఒక మార్కు వచ్చి ఉన్నది. ఆ ఒకటి ప్రారంభంలో ఉండిపోయినచో అనంతము రాదు. కావున బాలికను పూర్వస్థితికి, అనగా సున్నాకు, పునరుద్ధరించవలెను. తమరు స్వయంగా వెళ్లి పరీక్ష జరిపించండి."

వచ్చిన మార్కు మర్చిపోయేలా చెయ్యడమే ఇప్పుడు ప్రగతి అన్నమాట. సన్యాసిరావుకి నవ్వొచ్చింది. ఆ మాట ఎవరిదో కాదు, తన పుస్తకంలో ఆరో పేజీలో ఉన్నదేనని గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది.

అదే ఊరి హైస్కూల్లో ఇన్నేళ్లు లెక్కలు చెప్పినా, బూరాడపేట కేంద్రానికి అతను వెళ్లడం అదే మొదలు. గాలిలో కాలిన జీడి నూనె వాసన. గుమ్మం దగ్గర ఒక ఆడమనిషి పదేళ్ల పిల్లని చంకనెత్తుకుని నిలబడి ఉంది. పిల్ల కాళ్లు తల్లి మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. జీడిపిక్కలు ఒలిచి ఒలిచి తల్లి వేళ్లు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. ఆమె దాలమ్మ. చంకలో ఉన్నది పైడితల్లి.

"ఎంత దూరం నుంచి వస్తున్నారమ్మా?" అన్నాడు సన్యాసిరావు.

"ఎంతో ఏటి బాబూ, రెండు కిలోమీటర్లు. బట్టీకెల్లే దారే. దీన్నిక్కడ దించేసి పనికెల్తాను. పట్నంలో కలిపెత్తారంట కదా? అంత దూరం ఎలాగ మొయ్యగలను? అదే గాని జరిగితే మా గుంట ఇంటికాడే ఉండిపోద్ది."

సన్యాసిరావు లోపలికి వెళ్లి బల్ల మీద ప్రశ్నపత్రం పెట్టాడు, పక్కన పెన్సిలు పెట్టాడు. అంతకంటే అతను చెయ్యాల్సిందేమీ లేదు. పెన్సిలు గుడ్డతో కట్టకుండా ఉంటే చాలు, సున్నా దానంతటదే వస్తుంది.

హైమావతి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "సార్, జులైలో మీతో వాదించాను. ఇప్పుడు వాదించనండి. సున్నా వేసెయ్యండి. మార్చిలో ఒక గీత గీయిస్తాను, మీకు అనంతం వస్తాది, మాకు కేంద్రం ఉంటాది. ఈ పిల్లలు ఇంట్లో గోడలు చూస్తూ ఉండిపోడం కంటే సున్నా నయం కదండీ."

ఆమె అంత తేలిగ్గా ఒప్పేసుకోవడం సన్యాసిరావుకి చెంపదెబ్బలా తగిలింది. కాదంటే ఏం చెప్పాలో దారి పొడుగునా ఆలోచించుకుని వచ్చాడు మరి.

"అయితే సున్నా," అని పట్టికలో రాయబోయాడు.

అప్పుడు కుర్చీలో దిండ్ల మధ్య ఉన్న పిల్ల గట్టిగా ఒక కూత పెట్టింది. మాట కాదు. కాని అది అతన్ని ఆపమనడమేనని గదిలో అందరికీ తెలిసింది. పైడితల్లి కళ్లు గోడవైపు లాగుతున్నాయి. గోడకి ఆనించి చెక్క ఫ్రేము ఒకటి ఉంది. దానికి బిగించిన, అవతలిది కనపడే దళసరి ప్లాస్టిక్ షీటు మీద అక్షరాలూ, అంకెలూ, గుణింతం గుర్తులూ అతికించి ఉన్నాయి.

"పలక అడుగుతోందండి," అంది హైమావతి. ఫ్రేము తెచ్చి పిల్ల మొహానికి ఎదురుగా పట్టుకుంది. "మీరు ఇటు వచ్చి, షీట్లోంచి దాని కళ్లు చూడండి. ఏ అక్షరం మీద నిలబడితే అది చదవండి."

సన్యాసిరావు వంగి చూశాడు. షీటుకి అవతల రెండు నల్లటి కళ్లు. అవి నెమ్మదిగా కదిలి ఒకచోట ఆగాయి.

"న," అన్నాడు అతను. కళ్లు గుర్తుల వరసలోకి దిగాయి. "దీర్ఘం. నా." తర్వాత "కు". చాలాసేపటికి "వ". ఆ తర్వాత "చ", ఒత్తు, కొమ్ము.

"నాకు వచ్చు," అని చదివి అతను నిటారుగా నిలబడ్డాడు. నడుం పట్టేసింది.

దాలమ్మ కూతురి మీద కసిరింది. "ఒలే, ఊరుకో! సున్నా ఎయ్యనీ ఆ బాబుని. పట్నం ఎల్లిపోమంటావేటి?"

పిల్ల కళ్లు మళ్లీ అక్కడే తిరిగాయి. నాకు వచ్చు.

సన్యాసిరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అది తిరిగే కుర్చీ కాదు. ఒక కాలు కూడా పొట్టి. "సరే చెప్పు. పన్నెండులో నాలుగు ఎన్నిసార్లు పోతుంది?"

కళ్లు మూడు మీద ఆగాయి.

పేపర్లో ఉన్నవన్నీ అడిగాడు. అయ్యాక పేపర్లో లేనివి కూడా అడిగాడు. ఒక్కో జవాబుకి రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. లెక్కల మాస్టారికి ఊపొచ్చేసింది. ఏ తరగతికి వెళ్లినా పిల్లల్ని పడగొట్టడానికి వేసే ప్రశ్న ఒకటుంది. అలవాటు కొద్దీ అదీ వేసేశాడు.

"ఆరుని సున్నాతో భాగిస్తే ఎంత?"

పైడితల్లి అంకెలవైపు చూడనేలేదు. త. ప. ఒత్తు. కొమ్ము.

"తప్పు," అని చదివాడు సన్యాసిరావు.

ఆ తప్పు చేసినందుకు ఇరవై రెండేళ్లలో ఎంతమంది పిల్లల్ని బెంచీ ఎక్కించాడో అతనికే లెక్క లేదు. తను చేస్తే మాత్రం శాలువా కప్పారు.

చేతిరాత నాలుగు మార్కులూ పోగా ఇరవై ఆరు వచ్చాయి. సన్యాసిరావు పట్టికలో ఇరవై ఆరు అని రాసి, పక్కన చేత్తో ఒక గడి గీసి, 'చూపులు' అని పేరు పెట్టాడు.

హైమావతి మొహం పాలిపోయింది. "సార్, ఇప్పుడు పన్నెండు శాతం ఎదగాలంటే మార్చిలో ముప్పైకి ముప్పై రావాలండి. చేతిరాత మార్కులు దానికెప్పటికీ రావు. మా కేంద్రం సగటు పన్నెండు దాటింది దాని అనంతం వల్లేనండి. మీరు మంచి చేశాననుకుంటున్నారు గాని మా కేంద్రానికి తాళం వేసేశారండి."

అది అతను ఆలోచించలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ తల గోక్కుంటాడు. "చెడు చేసేటప్పుడు లెక్క చూసుకోలేదు సరే, మంచి చేసేటప్పుడైనా చూసుకోవద్దూ!"

పట్టాభిరామయ్య గారు పట్టిక చూసి లేచి నిలబడిపోయారు. "ఇరవై ఆరా! అంత పైనుంచి బాలిక ఇంకెక్కడికి ఎదుగును? తమరు ఆమె భవిష్యత్తును పూర్తిగా మూసివేసితిరి!"

"ఆమెకి వచ్చు సార్."

"వచ్చుట ఇచ్చట ప్రశ్న కాదు. ఎదుగుట ప్రశ్న. దిద్దండి."

"దిద్దలేను సార్."

ఆ సాయంత్రమే సన్యాసిరావు కమిషనర్ గారికి ఉత్తరం రాశాడు. మూడు వాక్యాలు. 'లెంక సూచీలో సున్నాతో భాగించడం జరిగింది. గణితంలో అది తప్పు, ఏడో తరగతి వారికి కూడా తెలుసు. ఆ తప్పు చేసినవాణ్ణి నేనే, కావున నా మీద ఏ చర్య తీసుకున్నా సరే గాని, ఈ సూచీని బట్టి ఏ కేంద్రాన్నీ ఎత్తివేయవద్దని ప్రార్థన.' పోస్టు చేసి వచ్చాక మూడు రోజులు జ్వరం తెచ్చుకున్నాడు. ధైర్యవంతులకి జ్వరం వస్తుందో రాదో అతనికి తెలియదు. తనకి మాత్రం వచ్చింది.

అయితే రాజధానిలో అప్పటికే ఇంకో చిక్కు వచ్చిపడింది. రాష్ట్రంలో ప్రతి జిల్లా అనంతం సాధించేసింది. అందరూ మొదటి స్థానమే. రెండో స్థానంలో ఎవరూ లేకపోతే మొదటివాడికి బహుమతి ఎలా ఇవ్వడం, ఆఖరివాణ్ణి ఎలా తిట్టడం? కమిషనర్ గారు తల పట్టుకుని కూర్చున్న సమయానికి ఈ ఉత్తరం అందింది. తప్పు జరిగిందని ఒప్పుకునే మనిషి ఒకడు ఊరికే దొరికాడు. ఆయన ప్రాణం లేచొచ్చింది.

జనవరిలో ఉత్తర్వు వెలువడింది. లెంక సూచీ గణితశాస్త్ర విరుద్ధమైనందున రద్దు చేయడమైనది. దానిపై ఆధారపడిన విలీన ప్రతిపాదనలు ఉపసంహరించడమైనది. లెంక సన్యాసిరావును తీవ్రంగా మందలించి, మాతృ పాఠశాలకు తిప్పి పంపడమైనది. పిల్లల ఎదుగుదలను కొలుచుటకు నూతన విధానము కొరకు పదకొండు మందితో కమిటీ నియమించడమైనది. కమిటీలో పట్టాభిరామయ్య గారు ఉన్నారు.

సన్యాసిరావు ఆ ఉత్తర్వు ఇంటికి తెచ్చి భార్యకి చూపించాడు. "ప్రభుత్వ ఉత్తర్వులో నా పేరు రెండుసార్లు వచ్చింది," అన్నాడు. ఆవిడ నవ్వింది. అతనూ నవ్వాడు. ఆర్నెల్లలో ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్విన నవ్వు అదేనని తర్వాత ఆవిడే అంది.

బూరాడపేట హైస్కూలు సన్యాసిరావు పాత బడే. జూన్‌లో ఆరో తరగతిలో చేర్పించడానికి దాలమ్మ పైడితల్లిని తీసుకొచ్చింది. వెనకాల హైమావతి చెక్క ఫ్రేము పట్టుకుని వచ్చింది. హెడ్మాస్టరు కుదరదని అనబోతూ సన్యాసిరావు మొహం చూసి ఆగిపోయాడు.

మొదటి వారం లెక్కల పీరియడ్ అయోమయంగా నడిచింది. ప్రశ్న అడిగితే నలభై మంది పిల్లలు ఒక్కసారి అరవడం, ఆ గోలలోంచి సరైన జవాబు ఏరుకుని ముందుకి పోవడం అతనికి అలవాటు. ఇప్పుడు పలక అవతల నిలబడి, వంగి, ఆ కళ్లు ఆగేదాకా ఆగాలి. అడిగినవాడు ఆగాల్సి ఉంటుందని అతనికి ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. మొదట పిల్లలు గొడవ చేశారు. నాలుగో రోజుకి వాళ్లూ బెంచీల మీంచి లేచొచ్చి అతని చుట్టూ మూగి, అక్షరాలు పోటీపడి చదవడం మొదలెట్టారు.

శనివారం బడి వదిలాక దాలమ్మ వచ్చింది. హైమావతి కూడా వచ్చింది. "కొత్త మాస్టారు పాఠం ఎలా చెప్తున్నారే?" అని పైడితల్లిని అడిగి, ఫ్రేము పట్టుకుని నవ్వుతూ సన్యాసిరావుని పిలిచింది. "మీరే చదువుకోండి సార్."

సన్యాసిరావు సుద్దముక్క జేబులో వేసుకుని వచ్చి వంగాడు. గుండె కొంచెం గట్టిగానే కొట్టుకుంటోంది. కమిషనర్ గారి ముందు కూడా అంత కొట్టుకోలేదు.

కళ్లు కదిలి ఆగాయి.

"ప," అన్నాడు.

మళ్లీ ఆగాయి. "ర."

పరమాద్భుతం, అనుకున్నాడు సన్యాసిరావు. ఇంక చదవక్కర్లేదు కూడా అనుకున్నాడు. అయినా కళ్లు కదులుతున్నాయి కాబట్టి వంగే ఉన్నాడు.

"వ. దీర్ఘం." తర్వాత "లే". తర్వాత "దు".

పరవాలేదు.

అతను నడుం పట్టుకుని లేచాడు. మొహం ఎలా పెట్టాలో తెలియక కిటికీ వైపు చూశాడు. దాలమ్మ కూతుర్ని చంకనెత్తుకుని, కాళ్లు సర్దుకుంటూ ఓదార్చింది.

"సిన్నబుచ్చుకోకండి బాబూ. అది అందరికీ అలాగ సెప్పదు. మొన్న సోషలు మాస్టారికి 'నిద్ర' అనేసినాది."